చవక మడత కత్తి నాణ్యతను, విలువను నిర్ణయించడం: అహోబిలం పరిసర పంటల దృష్ట్యా ఒక పరిశీలన

సారాంశం

క్షేత్ర సందర్శనలో తెగులు నిర్ధారణకు, నారుమడిలో అంటు కట్టడానికి వాడే చిన్న మడత కత్తిని సాధారణంగా ధరను, మెరుపును చూసి ఎంచుకుంటారు. ఈ రెండూ నాణ్యతకు కొలమానాలు కావు. ఉక్కు గట్టిదనం, అలుగు పలుచదనం, ఇరుసు బిగువు, శుభ్రపరచడానికి అనువు అనే నాలుగు గుణాలను తేలికైన పరీక్షలతో అంచనా వేయవచ్చు. చేయవలసిన పనిని బట్టి ఒకే కత్తి ఒకరికి లాభసాటిగాను, మరొకరికి నష్టదాయకంగాను పరిణమిస్తుంది. ఎంత మంచి కత్తి అయినా శుద్ధి చేయకుండా చెట్టు నుండి చెట్టుకు వాడితే తోటకే ముప్పు తెస్తుంది. ఈ అంశాలను ప్రస్తుత వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

నల్లమల కొండల అంచున ఉన్న అహోబిలం నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ మండలానికి చెందిన పుణ్యక్షేత్రం. కొండలు దాటి పడమటి దిక్కుకు వస్తే కుందూ నది పరీవాహకంలోని నల్లరేగడి నేలలు కనిపిస్తాయి. ఈ నేలల్లో పత్తి, శనగ, జొన్న, కర్నూలు–కడప కాలువ కింద వరి ప్రధానమైన పంటలు. దక్షిణాన కడప జిల్లాలోకి ప్రవేశిస్తే చీనీ, నిమ్మ, మామిడి తోటలు విస్తారంగా ఉన్నాయి. పడమటన ఉన్న బనగానపల్లె పేరుతో ప్రసిద్ధి పొందిన మామిడి రకానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1906లో ఏర్పడిన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ ప్రాంతపు మెట్ట పంటలపై శతాబ్దానికి పైగా కృషి చేస్తూ ఉంది.

ఇన్ని రకాల పంటలున్న ప్రాంతంలో విస్తరణ శాస్త్రవేత్త జేబులో నిత్యం ఉండవలసిన పరికరాలు మూడు: భూతద్దం, కొలత పట్టీ, చిన్న మడత కత్తి. మొదటి రెండింటి ఎంపిక గురించి విద్యార్థులకు ఏదో ఒక తరగతిలో బోధన ఉంటుంది. కత్తి విషయంలో అటువంటి బోధన అరుదు. తిరునాళ్ళ అంగళ్ళలోనో, పట్టణంలోని ఇనుప సామాను దుకాణంలోనో వంద రూపాయలకు అటూ ఇటూ ధర పలికే కత్తిని కొని, మొద్దుబారిన తరువాత పారవేసి మరొకటి కొనడం పరిపాటి. చవకగా కొనడంలో దోషం లేదు. చవక కత్తులలో పనికి వచ్చేదానిని, పనికి రానిదానిని వేరు చేయలేకపోవడమే అసలు లోపం.

కత్తి చేయవలసిన పనులు

ఏ పరికరం విలువనైనా అది చేయవలసిన పనితో ముడిపెట్టి చూడాలి. ఈ ప్రాంతంలో చిన్న కత్తితో జరిగే పనులను రెండు తరగతులుగా విభజించవచ్చు.

మొదటిది నిర్ధారణ. శనగ చేలో మొక్క వాడిపోతున్నప్పుడు పైకి కనిపించే లక్షణాన్ని బట్టి కారణాన్ని తేల్చి చెప్పలేము. మొక్కను వేరుతో సహా పెకలించి, మొదలు భాగాన్ని, తల్లివేరును నిలువుగా చీల్చి చూడాలి. లోపలి దారునాళాలు ముదురు గోధుమ లేదా నలుపు రంగుకు మారి, పైబెరడు చెక్కుచెదరకుండా ఉంటే అది ఎండు తెగులు. పిల్ల వేళ్ళు నశించి, తల్లివేరు పెళుసుబారి, బెరడు పొట్టులా ఊడివస్తే అది ఎండు వేరుకుళ్ళు. నేలకు ఆనిన మొదలు వద్ద తెల్లని బూజు పోగులు, ఆవగింజలను పోలిన శిలీంధ్ర బీజాలు కనిపిస్తే అది మొదలు కుళ్ళు. మొదటి దానికి తట్టుకొనే రకాన్ని ఎంచుకోవడం ప్రధాన మార్గం. రెండవది పూత, కాయ దశలలో బెట్ట, అధిక ఉష్ణోగ్రత తోడైనప్పుడు విజృంభిస్తుంది కనుక అవకాశం ఉన్నచోట తడి ఇవ్వడం మేలు చేస్తుంది. సిఫారసు మొత్తం ఒక్క నిలువు కోతపై ఆధారపడి ఉంది. మొద్దు కత్తితో కోస్తే వేరు చీలక నలిగిపోతుంది. నలిగిన కణజాలం కొద్దిసేపటిలోనే గోధుమ రంగుకు తిరిగి, లేని తెగులును ఉన్నట్లు చూపుతుంది.

పత్తిలో గులాబీ రంగు పురుగు విషయమూ ఇంతే. పిల్ల పురుగు కాయలోకి చొచ్చుకొనిపోయిన తరువాత ప్రవేశ రంధ్రం పూడిపోతుంది. పైనుండి చూస్తే కాయ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అందుచేత ఎకరాకు 20 పచ్చికాయలను అక్కడక్కడ సేకరించి కోసి చూడాలని, వాటిలో 2 కాయలలో, అంటే 10 శాతంలో, పురుగు ఉంటే ఆర్థిక నష్ట స్థాయిని చేరినట్లు భావించాలని సూచిస్తారు. గుండ్రని, నునుపైన పచ్చికాయపై మొద్దు కత్తి జారుతుంది. జారిన కత్తి ముందుగా చేరేది ఎడమచేతి బొటనవేలికి.

రెండవ తరగతి పని అంటు కట్టడం. సాత్‌గుడి చీనీని రంగపూర్ నిమ్మ వేరుమూలంపై కన్ను అంటు పద్ధతిలో ప్రవర్ధనం చేస్తారు. వేరుమూలపు బెరడుపై సుమారు 2.5 సెం.మీ. నిలువు గాటు, దానిపై చిన్న అడ్డగాటు పెట్టి, బెరడును సున్నితంగా విప్పి, కన్నును లోపలికి జొప్పిస్తారు. గాటు బెరడు మందం వరకే పోవాలి, కొయ్యలోకి దిగరాదు. రెండు భాగాలను కలిపేది కొద్ది కణాల మందం మాత్రమే ఉండే కేంబియం పొర. పదునైన అలుగు ఆ పొరను కోస్తుంది, మొద్దు అలుగు దానిని నలుపుతుంది. మామిడి లేత కొమ్మ అంటులో సయాన్ మొదలును 4–5 సెం.మీ. పొడవున ఆప్పు ఆకారంలో రెండు వైపులా చెక్కాలి. ఆ తలాలు చదునుగా లేకపోతే మధ్యలో ఖాళీ మిగిలి, అంటు ఎండిపోతుంది.

నిర్ధారణకు సాధారణమైన పదును చాలు. అంటుకు ఉన్నతమైన పదును, అది రోజంతా నిలవడం అవసరం. ఈ భేదాన్ని గుర్తించడమే ఎంపికలో మొదటి మెట్టు.

ఉక్కు స్వభావం

కత్తిలో కోసే భాగాన్ని అలుగు అని, దాని పదునైన అంచును వాదర అని, ఎదురుగా ఉన్న మందపాటి అంచును వెన్ను అని అంటారు. వాదర నిలుపుదల ప్రధానంగా అలుగు ఉక్కుపైన, ఆ ఉక్కును కాచి చల్లార్చిన తీరుపైన ఆధారపడుతుంది.

ఇనుములో కర్బనం పెరిగే కొద్దీ, తగిన విధంగా కాచి చల్లార్చితే, గట్టిదనం పెరుగుతుంది. తెలుగు నేలకు ఈ విద్య కొత్తది కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తయారుచేసిన అధిక కర్బన ఉక్కును పశ్చిమాసియా వర్తకులు వచ్చి కొనుగోలు చేసేవారు. ఐరోపా భాషలలో దానికి స్థిరపడిన 'వూట్జ్' అనే పేరు 'ఉక్కు' అనే మాట నుండి వచ్చినదేనని పండితుల అభిప్రాయం.

నేటి చవక కత్తులలో రెండు రకాల ఉక్కు కనిపిస్తుంది. ఒకటి సాధారణ కర్బన ఉక్కు. ఇది సులభంగా సాన పడుతుంది, చక్కని వాదర తీసుకుంటుంది, అయితే తుప్పు పడుతుంది. మామిడి సొన, నిమ్మ రసం తగిలితే గంటలోపే నల్లబడుతుంది. రెండవది సుమారు 13 శాతం క్రోమియం గల తుప్పు పట్టని ఉక్కు, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు. ఈ రెండవ రకంలోనే నాణ్యతా భేదాలు అధికం. అతి చవక కత్తులలో వాడే రకాలలో కర్బనం 0.3 శాతం ప్రాంతంలో ఉంటుంది. వాటి గట్టిదనం రాక్‌వెల్ సి కొలమానంపై సాధారణంగా 50–54 మధ్య ఉంటుంది. కర్బనం 0.5 శాతానికి మించిన రకాలు సరిగా కాచినప్పుడు 56–59 వరకు చేరుతాయి. అలుగుపై 'స్టెయిన్‌లెస్' అని చెక్కి ఉండడం క్రోమియం ఉనికిని మాత్రమే తెలుపుతుంది. కర్బనం ఎంత ఉన్నదీ, కాపు సరిగా జరిగిందీ లేనిదీ ఆ మాట చెప్పదు.

గట్టిదనం ఎంత ఉంటే అంత మేలు అనుకోవడం కూడా పొరపాటే. మితిమీరి గట్టిపడిన వాదర పెళుసుబారి, చిన్న చిన్న పెచ్చులుగా ఊడుతుంది. మెత్తని వాదర విరగదు, ఒక పక్కకు మడత పడుతుంది. గట్టిదనాన్ని, తట్టుకొనే గుణాన్ని సమతూకంలో ఉంచడానికే ఉక్కును ఎర్రగా కాచి హఠాత్తుగా చల్లార్చిన తరువాత మళ్ళీ తక్కువ వేడిలో కాస్తారు. రాతి విగ్రహాలకు పేరొందిన ఆళ్ళగడ్డలో శిల్పి ఉలిని ఎరిగినవారికి ఈ సూత్రం సులభంగా బోధపడుతుంది. ఉలి మెత్తగా ఉంటే రాయి దానిని వంచుతుంది, పెళుసుగా ఉంటే విరుస్తుంది.

ఆకృతి, ఇరుసు, పిడి

కోత సులువుగా సాగడంలో ఉక్కు పాత్ర ఎంతో, అలుగు ఆకృతి పాత్ర అంతకంటె ఎక్కువ. వెన్ను వద్ద 1.5 నుండి 2 మి.మీ. మందం, వాదర వైపు క్రమంగా పలుచబడే అలుగు మొక్కల పనికి అనుకూలం. బలంగా కనిపించాలని 3 మి.మీ.కు మించిన మందంతో తయారుచేసే కత్తులు శనగ వేరును కోయవు, గొడ్డలివలె చీలుస్తాయి. రంపపు పళ్ళు, నల్లరంగు పూత, సీసామూత తీసే కొక్కెం వంటి అదనపు హంగులు ధరను పెంచుతాయి తప్ప పనిని పెంచవు. పళ్ళున్న వాదర అంటు పనికి పూర్తిగా అయోగ్యం.

అంటు కత్తికి ఒక ప్రత్యేకత ఉంది. మామూలు కత్తిని రెండు వైపులా సాన పడతారు. అంటు కత్తిని ఒక్క వైపు మాత్రమే వాలుగా సాన పట్టి, రెండవ వైపును చదునుగా ఉంచుతారు. చదునైన వైపు సయాన్‌కు ఆనుకొని సాగడం వల్ల తలం సమంగా వస్తుంది. ఇటువంటి వాలు కుడిచేతి వారికి, ఎడమచేతి వారికి వేరుగా ఉంటుంది కనుక కొనేటప్పుడే గమనించాలి.

మడత కత్తిలో అత్యంత బలహీనమైన స్థానం ఇరుసు. ఇరుసు వదులైతే అలుగు పక్కలకు ఊగుతుంది, కోత వంకర పోతుంది. మరమేకుతో బిగించిన ఇరుసును మళ్ళీ బిగించుకోవచ్చు. రివెట్టు కొట్టిన ఇరుసు వదులైతే రివెట్టును సుత్తితో సరిచేయవలసి వస్తుంది. తెరచిన అలుగును పట్టి ఉంచే ఏర్పాటు మూడు రకాలుగా కనిపిస్తుంది: వెన్నుపై ఒత్తిడి కలిగించే స్ప్రింగు మాత్రమే ఉన్నవి, పిడి లోపలి రేకు అలుగు మొదలుకు అడ్డుపడేవి, ఇరుసు చుట్టూ తిప్పే ఉంగరం ఉన్నవి. మొదటి రకంలో అలుగు స్థిరంగా బంధింపబడదు కనుక మొనతో పొడిచే పనులు చేయరాదు.

పిడి చేతిని నింపేటట్లు, చెమట పట్టినా జారకుండా ఉండాలి. సుమారు 10 సెం.మీ. పొడవు చాలామందికి సరిపోతుంది. నారుమళ్ళలో పనిచేసే స్త్రీల చేతి కొలతకు పెద్ద పిడులు ఇబ్బంది కలిగిస్తాయి. అందుచేత కొనుగోలును వాడే వ్యక్తి చేతనే చేయించడం మంచిది.

ఇంత చెప్పినా నాణ్యమైన కత్తి తప్పక ఖరీదైనదిగా ఉంటుందని భావించనక్కరలేదు. ఫ్రాన్సులోని సవాయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన మడత కత్తి ఇందుకు ఉదాహరణ. పల్లె ప్రజల కోసం తయారైన ఆ కత్తిలో ఆదిలో ఉన్నవి అలుగు, కొయ్య పిడి, ఇరుసు, ఇనుప పట్టీ మాత్రమే. అలుగును బంధించే ఉంగరం 1955లో చేరింది. పలుచని అలుగు, సరైన కాపు, తక్కువ భాగాలు అనే మూడు గుణాలతో అది నేటికీ చవక కత్తుల వరుసలోనే ఉంటూ గౌరవం పొందుతూ ఉంది. హంగులపై కాక అలుగుపై ఖర్చు పెట్టడమే అందులోని రహస్యం.

అంగడిలో చేయదగిన పరీక్షలు

కొనేముందు అయిదు నిమిషాలలో కింది పరీక్షలు పూర్తి చేయవచ్చు.

1. అయస్కాంత పరీక్ష: అయస్కాంతానికి అంటుకుంటే అసలైన స్టెయిన్‌లెస్ కాదనే నమ్మకం వంటపాత్రల నుండి వచ్చింది. కత్తి విషయంలో ఇది తలకిందులవుతుంది. కాచి గట్టిపరచగల ఉక్కు అయస్కాంతానికి తప్పక అంటుకుంటుంది. పాత్రల తయారీకి వాడే అధిక నికెల్ రకం అంటుకోదు, దానిని కాచి గట్టిపరచడమూ సాధ్యం కాదు. అలుగు అయస్కాంతానికి ఏమాత్రం స్పందించకపోతే ఆ కత్తిని వదిలివేయాలి. అయితే అంటుకున్నంత మాత్రాన మంచిదని రుజువు కాదు. ఇది వడపోత మాత్రమే.

2. ఆకురాయి పరీక్ష: దుకాణదారు అనుమతితో, కోతకు ఉపయోగపడని ఇరుసు దగ్గరి భాగంపై సన్నని ఆకురాయిని తేలికగా ఒక్కసారి నడపాలి. మేకును రాకినట్లు సులభంగా పట్టి రజను రాలితే ఉక్కు మెత్తనిది. ఆకురాయి జారుతూ, కష్టం మీద పట్టుకుంటే గట్టిదనం తగినంత ఉన్నట్లు.

3. వెలుతురు పరీక్ష: వాదరను కంటికి ఎదురుగా ఉంచి వెలుతురులో చూడాలి. సరైన వాదర కాంతిని ప్రతిఫలించదు. మెరిసే చుక్క ఉన్నచోట అంచు మొద్దుగానో, పెచ్చు ఊడిగానో ఉంటుంది. అలుగు అంచున నీలి లేదా ఊదా ఛాయ కనిపిస్తే సాన పట్టేటప్పుడు వేడెక్కి కాపు పోయిందని గ్రహించాలి.

4. ఊపు పరీక్ష: కత్తిని తెరచి, పిడిని ఒక చేత, అలుగు వెన్నును మరొక చేత పట్టి పక్కలకు కదిలించాలి. కదలిక కంటికి కనిపించరాదు. మూసినప్పుడు మొన పిడి నడుమకు రావాలి, బయటకు పొడుచుకొని ఉండరాదు.

5. బంధన పరీక్ష: బంధనం ఉన్న కత్తిని తెరచి, వేళ్ళు అలుగు దారిలో లేకుండా పట్టుకొని, వెన్నును కొయ్యబల్లపై మెల్లగా నొక్కాలి. మడత పడితే అది పనికిరాదు.

6. శుభ్రత పరీక్ష: పిడి లోపలి గాడి రెండు చివరల తెరచి ఉందా, పుల్లకు చుట్టిన గుడ్డ లోపలికి పోతుందా అని చూడాలి. మట్టి, సొన పేరుకొనే మూసిన గాడి గల కత్తిని శుద్ధి చేయడం కష్టం.

కొత్త కత్తి పదునును మాత్రం ఈ పరీక్షలలో చేర్చలేదు. కర్మాగారపు పదును ఒక పూట ముచ్చట. మెత్తని ఉక్కును కూడా మొదటి రోజు కాగితం కోసేంత పదునుగా చేయవచ్చు.

పదును నిలుపుదల పరీక్ష

రెండు మూడు రకాల కత్తులను పోల్చదలచిన విద్యార్థులు క్షేత్ర ప్రయోగ సూత్రాలనే ఇక్కడ అన్వయించవచ్చు. అన్ని కత్తులను ఒకే సానరాయిపై, ఒకే కోణంలో, ఒకే వ్యక్తి సాన పట్టాలి. కోసే పదార్థం సమంగా ఉండాలి. ఒకే చుట్టలోని జనపనార పురికొస గాని, ఒకే మందం గల ఎండు జొన్న దంట్లు గాని ఇందుకు తగినవి. ప్రతి కత్తితో అలుగులోని ఒకే భాగాన్ని ఉపయోగించి 25 కోతలు కోసి, ఆపై పలుచని వార్తాపత్రిక కాగితాన్ని కోసి చూడాలి. కాగితం తెగక చినగడం మొదలైన కోత సంఖ్యను నమోదు చేయాలి. కత్తుల వరుసను ప్రతిసారి మార్చి, కనీసం మూడు పునరావృతాలు జరపాలి. కోసే వ్యక్తికి కత్తి ధర తెలియకుండా ఉంచడం మరింత మేలు. ధర తెలిసిన చేయి నిష్పక్షపాతంగా పనిచేయదు.

ప్రయోగశాల గట్టిదనపు యంత్రం ఇచ్చే సంఖ్య కంటె రైతుకు, నారుమడి కార్మికునికి ఈ పరీక్ష ఫలితం దగ్గరగా ఉంటుంది. ఎందుకంటే ఇందులో ఉక్కు, కాపు, ఆకృతి మూడూ కలిసి పరీక్షకు నిలుస్తాయి.

సాన పట్టడం

చవక కత్తి సాన మీద ఆధారపడి బతుకుతుంది. గరుకు, నునుపు తలాలు రెండూ గల చిన్న సానరాయి కత్తితో పాటే కొనదగినది. రెండు వైపులా వాలు గల కత్తిని ఒక్కొక్క వైపు 15 నుండి 20 డిగ్రీల కోణంలో సాన పట్టాలి. కోణమానిని అవసరం లేదు. అలుగు వెడల్పు 20 మి.మీ. అయితే వెన్నును రాయికి 7 మి.మీ. ఎత్తున ఉంచినప్పుడు కోణం సుమారు 20 డిగ్రీలు, 5 మి.మీ. ఎత్తున ఉంచినప్పుడు సుమారు 15 డిగ్రీలు అవుతుంది. ఒక వైపు సాన పడుతుండగా రెండవ వైపు అంచు పొడవునా సన్నని గరుకు తేలాలి. అది తేలినప్పుడే వైపు మార్చాలి. చివరగా తోలుపట్టీపై వాదరను వెనుకకు లాగుతూ ఆ గరుకును తీసివేయాలి. అంటు కత్తిని వాలు ఉన్న వైపే సాన పట్టి, చదును వైపు రాయిపై పూర్తిగా ఆనించి ఒకటి రెండు మార్లు మాత్రమే నడపాలి. వేగంగా తిరిగే పొడి సానచక్రం క్షణాలలో పలుచని వాదరను వేడెక్కించి కాపును పోగొడుతుంది కనుక దానిని వాడరాదు.

శుద్ధి: నాణ్యతలో మరచిన భాగం

కత్తి గురించిన చర్చలో తరచుగా వదిలివేసే అంశం ఇది. తోటకు అత్యధిక నష్టం కలిగించగలదీ ఇదే.

చీనీ, నిమ్మ జాతులలో బెరడు పెచ్చులూడి చెట్టు గిడసబారే ఎక్సోకార్టిస్ అనే తెగులుకు కారణం వైరాయిడ్. వైరాయిడ్ అంటే మాంసకృత్తుల తొడుగు లేని అతి చిన్న ఆర్.ఎన్.ఏ. పోగు. ఈ భావనను శాస్త్రలోకం 1971లో తొలిసారి ఎరిగింది. ఎక్సోకార్టిస్ కారకం వ్యాధిగ్రస్తమైన కన్ను ద్వారానే కాక, చెట్టును కోసిన కత్తి ద్వారా కూడా సంక్రమిస్తుంది. సాత్‌గుడి చెట్టు దీనిని పైకి లక్షణాలు చూపకుండానే మోయగలదు. ఈ ప్రాంతంలో వాడే రంగపూర్ నిమ్మ వేరుమూలం మాత్రం దీనికి సున్నితమైనది. బెరడు పగలడం సాధారణంగా నాటిన నాలుగైదేళ్ళకు గాని బయటపడదు. అంటే నారుమడిలో కొన్ని క్షణాల అశ్రద్ధకు మూల్యాన్ని రైతు ఏళ్ళ తరబడి నీరు, ఎరువు పెట్టిన తరువాత చెల్లిస్తాడు. అప్పటికి కారణమైన కత్తి ఏదో, అది ఎవరి చేతిలో ఉండేదో చెప్పడం అసాధ్యం.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని విస్తరణ సిబ్బంది స్పష్టంగా తెలుసుకోవాలి. నిమ్మ గజ్జి తెగులు బాక్టీరియా వంటి వాటిని 70 శాతం ఆల్కహాలుతో తుడిచి తొలగించవచ్చు. వైరాయిడ్‌కు ఆల్కహాలు గాని, కత్తిని మంటపై అలా చూపి తీయడం గాని నమ్మదగిన చికిత్సలు కావు. సోడియం హైపోక్లోరైటు ద్రావణం అవసరం. అంగడిలో దొరికే 5 శాతం బ్లీచు ద్రవం ఒక పాలుకు నాలుగు పాళ్ళ నీరు కలిపితే 1 శాతం ద్రావణం సిద్ధమవుతుంది. ఎండ తగిలినప్పుడు, మట్టి, సొన కలిసినప్పుడు దాని శక్తి తగ్గుతుంది కనుక ప్రతిరోజు కొత్తగా కలుపుకోవాలి. రెండు కత్తులను ఉంచుకొని, ఒకటి ద్రావణంలో మునిగి ఉండగా రెండవ దానితో పనిచేయడం ఆచరణలో సులువైన పద్ధతి. తల్లి చెట్టు మారిన ప్రతిసారి కత్తి మారాలి. చీనీలో పచ్చ తెగులు, ట్రిస్టెజా ప్రధానంగా కీటకాల ద్వారా, వ్యాధిగ్రస్తమైన కన్నుల ద్వారా వ్యాపిస్తాయి కనుక వాటికి కత్తి శుద్ధి ఒక్కటే పరిష్కారం కాదనీ చెప్పవలసి ఉంటుంది.

ఈ ద్రావణం ఉక్కును తినివేస్తుంది. కర్బన ఉక్కు కత్తి దీనిలో అనతికాలంలోనే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ కత్తి కూడా ఎక్కువసేపు నానితే గుంటలు పడుతుంది. అందుచేత ఉక్కు ఎంపికను శుద్ధి పద్ధతి నిర్ణయించాలి. రోజంతా హైపోక్లోరైటులో ముంచి తీసే చీనీ నారుమడికి, పదును కొంత తక్కువ నిలిచినా, స్టెయిన్‌లెస్ కత్తే తగినది. శనగ, పత్తి చేలలో తిరిగే వారికి, మామిడి అంటు కట్టే వారికి ఆల్కహాలు, గుడ్డ, నూనె చాలు కనుక కర్బన ఉక్కు కత్తి పనికివస్తుంది. ఏ రకమైనా పని ముగిశాక మంచినీటితో కడిగి, ఆరబెట్టి, ఇరుసులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయాలి.

విలువ లెక్క

ధర ఒక్కసారి చెల్లించేది. వ్యయం ప్రతిరోజు జరిగేది. ఈ భేదాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు.

ఒక కత్తి ధర 80 రూపాయలు, మరొకదాని ధర 400 రూపాయలు అనుకుందాం. మొదటిది 25 కన్నులు తీసేసరికి మొద్దుబారుతుంది, రెండవది 100 కన్నుల వరకు నిలుస్తుంది. రోజుకు 200 అంటులు కట్టే కార్మికుడు మొదటి కత్తిని 8 సార్లు, రెండవ దానిని 2 సార్లు సాన పట్టాలి. ఒక్కొక్క సానకు 5 నిమిషాలు పడితే రోజుకు 30 నిమిషాల తేడా వస్తుంది. 8 గంటల పనికి కూలి 600 రూపాయలైతే ఆ అరగంట విలువ 37 రూపాయల 50 పైసలు. ధరల మధ్య ఉన్న 320 రూపాయల వ్యత్యాసం 9 రోజుల పనిలో తీరిపోతుంది. సాన పట్టడానికి బద్ధకించి మొద్దు కత్తితోనే కొనసాగించినందువల్ల చెడిపోయే అంటుల విలువ ఈ లెక్కలో చేరలేదు.

ఇదే రెండు కత్తులను రోజుకు 20 పత్తి కాయలు, పది శనగ మొక్కలు కోసే విస్తరణ శాస్త్రవేత్త దృష్టితో చూస్తే ఫలితం మారిపోతుంది. 80 రూపాయల కత్తి పై పరీక్షలలో నెగ్గితే, రోజుకు ఒకసారి సాన పట్టినా అతనికి నష్టం లేదు. అతడు అదనంగా చెల్లించే 320 రూపాయలు వృథా. అందువల్ల 'ఈ కత్తి మంచిదా?' అనే ప్రశ్న అసంపూర్ణమైనది. 'ఈ పనికి, ఇన్ని కోతలకు, ఈ శుద్ధి పద్ధతికి ఇది సరిపోతుందా?' అన్నదే పూర్తి ప్రశ్న.

భద్రత, చట్టం

కోత ఎల్లప్పుడు శరీరానికి దూరంగా సాగాలి. పత్తి కాయను అరచేతిలో పట్టి కోయక, పలక మీద గాని, చెప్పు అడుగున గాని ఆనించి కోయాలి. మట్టి అంటిన కత్తితో గాయమైతే శుభ్రపరచి, ధనుర్వాతపు టీకా విషయమై వైద్యుని సంప్రదించాలి. ఆయుధ నియమావళిలో 9 అంగుళాల కంటె పొడవు లేదా 2 అంగుళాల కంటె వెడల్పు గల అలుగులను పేర్కొంటూ, గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక ప్రయోజనాలకు రూపొందినవాటిని మినహాయించారు. 7–8 సెం.మీ. అలుగు గల చిన్న కత్తి ఆ కొలతకు చాలా తక్కువ. అయినా విమానంలో చేతిసంచిలో దీనిని అనుమతించరు. ఆలయాలు, సభల వంటి తనిఖీ ఉన్న చోట్లకు వెళ్ళేటప్పుడు వాహనంలోనే వదిలివెళ్ళడం ఉచితం.

ముగింపు

చవక మడత కత్తిని చిన్నచూపు చూడనవసరం లేదు, గుడ్డిగా నమ్మనూ రాదు. అయస్కాంతం, ఆకురాయి, వెలుతురు, రెండు చేతులు ఉంటే దాని యోగ్యతను అయిదు నిమిషాలలో తేల్చవచ్చు. పలుచని అలుగు, తగినంత గట్టిదనం, ఊగని ఇరుసు, శుభ్రపరచదగిన పిడి ఉన్న కత్తి ఎంత తక్కువ ధరకు దొరికినా కొనదగినదే. వీటిలో ఏది లోపించినా ఎంత మెరిసినా విడువదగినదే. నారుమడి శిక్షణ తరగతులలో అంటు కట్టే విధానాన్ని బోధించేటప్పుడు తొలి అరగంటను కత్తి పరీక్షకు, సానకు, శుద్ధికి కేటాయించడం అవసరం. రైతు కొనుక్కొని వెళ్ళేది మొక్కను. ఆ మొక్కను తాకిన కత్తి శుభ్రంగా ఉన్నదో లేదో అతడు చూడలేడు. ఆ బాధ్యత కత్తి పట్టినవారిది, వారికి నేర్పినవారిది.